పరిస్థితి నిలకడగా ఉంది

ఆ రోజుల్లో నాకు లోకంలో వచ్చే ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక ఫారం అచ్చయి ఉంటుందనీ, దాన్ని సకాలంలో నింపితే కష్టం సగం తీరిపోతుందనీ గట్టి నమ్మకం ఉండేది. ఇరవై మూడేళ్ల వయసు, మొదటి ఉద్యోగం. విజయనగరంలో ఒక యువజన సంస్థలో శిబిరాల బాధ్యురాలిగా చేరాను. వేసవి సెలవుల్లో బడి పిల్లలని ఒకచోట చేర్చి, వారం రోజులపాటు ఆటలు, పాటలు, ముడులు వేయడం, వండుకోవడం, ఇంకా చిన్నా చితకా సాహసాలు నేర్పించడం మా పని (ఈత మాత్రం ఉండేది కాదు, నీళ్లంటే సంస్థకి భయం). నన్నెందుకు తీసుకున్నారో ఇంటర్వ్యూలోనే చెప్పేశారు. అప్పటిదాకా శిబిరాలకి మగపిల్లలే వచ్చేవారు, ఆడపిల్లల్ని ఇళ్లలో పంపేవారు కాదు. వాళ్లని రప్పించడం నీ పని, ఏడాదిలో రప్పించలేకపోతే నీ సంగతి మళ్లీ ఆలోచిద్దాం అన్నారు. 'మళ్లీ ఆలోచిద్దాం' అంటే ఏమిటో అర్థమైంది గానీ, అర్థం కానట్టు నవ్వి సంతకం పెట్టేశాను.

చేరిన నెలకే విశాఖపట్నంలో రెండు రోజుల శిక్షణకి పంపారు. శిబిరంలో పిల్లలకి ఏదైనా తీవ్రమైనది జరిగితే ఎవరికి చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి, ఏ కాగితం మీద రాయాలి అన్నది విషయం. చలితో వణికించే హాల్లో ఒక మేడం తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పారు: గంటలోపు తల్లిదండ్రులకి ఫోను, అదే రోజు ఆఫీసుకి నివేదిక, మాట్లాడేది ఒక్కరే ఉండాలి, ధ్రువీకరించుకున్న సంగతులే చెప్పాలి, విచారణ పూర్తయ్యేదాకా తప్పు ఒప్పుకోకూడదు, అన్నిటికీ మించి గొంతులో కంగారు వినపడకూడదు. చివర్లో ఉత్తుత్తి ఫోన్లు చేయించారు. నా వంతు రాగానే మేడం అందరినీ ఆపి, "ఈ గొంతు వినండి. కష్టం వచ్చినప్పుడు ఉండాల్సిన గొంతు ఇదీ" అన్నారు. (నిజానికి ఆ గొంతు నా గొప్ప కాదు. మాది శ్రీముఖలింగం. తరాలుగా గుడిని నమ్ముకుని, పిల్లలకి పద్యాలూ మంత్రాలూ చెప్పుకుని బతికిన కొంప. ఇంట్లోకి పాము దూరినా మా నాన్న చదువుతున్న పాదం పూర్తి చేసి, అప్పుడు మెల్లగా 'పాము' అనేవారు.) ఆ మెప్పుతోపాటు నాకు ప్లాస్టిక్ తొడుగు వేసిన అట్ట ఒకటి ఇచ్చారు. దాని మీద ఫోన్లో ఏ మాట తర్వాత ఏ మాట అనాలో వరుసగా ఉంది. ఆ అట్టని నీలం ఫైల్లో పెట్టుకుని, ఫైలుని చంకన పెట్టుకుని, కష్టం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడసాగాను.

ఆ వేసవిలోనే మొట్టమొదటిసారి ఆడపిల్లలు వచ్చారు. రప్పించింది నేను కాదు, బుల్లి. సాలూరులో మూడు లారీలున్న ఒకాయన కూతురు, తొమ్మిదో తరగతికి వెళ్లబోతోంది. మేం బడిలో శిబిరం గురించి చెప్పి వచ్చిన రోజు నుంచీ ఇంట్లో పోరు పెట్టి, చివరికి రెండు రోజులు అన్నం మానేసి, తండ్రి చేత సరే అనిపించుకుంది. ఆ ఇంటి గుంటే (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు) వెళ్తోంది కదా అని అదే వీధిలోంచి మరో నలుగురు బయల్దేరారు. ఆ అయిదుగురే మా శిబిరంలో ఆడపిల్లలు, అంటే నా ఉద్యోగం మొత్తం ఆ అయిదు జడల మీద వేలాడుతోంది. తండ్రి స్వయంగా తీసుకొచ్చి దింపి, నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, మా యింట్లో ఎవులికీ ఇది ఇష్టం నేదు. ఏటైనా తేడా వస్తే మొదటి మాట నాకే పడతాది. తర్వాత ఈ పిల్లని ఇంకెక్కడికీ పంపడం మరుండదు" అని చెప్పి వెళ్లాడు. బెదిరించినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నేను ఫైలు తట్టి, "మాకు అన్నిటికీ పద్ధతులున్నాయండి" అన్నాను.

శిబిరం గజపతినగరం అవతల, సెలవులకి మూసిన బడిలో. మూడు రోజులు గడిచాయి. ఒక్క సంఘటన జరగలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నాకు కాస్త నిరాశగానే అనిపించింది. రెండో రోజు ఒక కోతి వచ్చి ఇడ్లీల్లోకి చేసిన కొబ్బరి చట్నీ గిన్నెతో సహా ఎత్తుకుపోతే, ఆ సాయంత్రం దాని మీద రెండు పేజీల నివేదిక రాసి విజయనగరంలో మా సెక్రటరీ గారికి ఫోన్లో చదివి వినిపించాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఏ కాగితం కనపడినా దిద్దకుండా వదలరు కాబట్టి మేమంతా చాటున 'ఎర్ర పెన్ను' అనేవాళ్లం. ఎర్ర పెన్ను మాస్టారు ఓపిగ్గా విని, "అమ్మా, కోతి మన సభ్యుడు కాదు" అని ఫోను పెట్టేశారు.

నాలుగో రోజు పొద్దున్న అడ్డంకుల పందెం. రెండు డ్రమ్ముల మీద పొడుగాటి చెక్క ఒకటి వేసి, దాని మీంచి చేతులు చాపుకుని నడవాలి. ఎత్తు నడుము దాకానే. కింద మెత్తగా ఇసుక పోయాలని నియమం. ఇసుక కుప్ప బడి వెనకే ఉంది. మాతో వచ్చిన డ్రిల్లు మాస్టారు తట్ట కోసం వంటపాక వైపు వెళ్లారు. ఈలోగా నేను అరుగు మీద కూర్చుని, ఆ ఆటకి ముందు నింపాల్సిన జాగ్రత్తల కాగితం తీశాను. 'చెక్క గట్టిగా ఉందా', టిక్కు. 'పిల్లలకి చెప్పారా', టిక్కు. 'కింద ఇసుక పరిచారా', ఎలాగూ పరుస్తున్నారు కదా అని టిక్కు. టిక్కు పెట్టగానే ఇసుక పరిచేసినట్టే నా మనసుకి తోచింది. ఫారం పూర్తయిన సంతోషంలో గడియారం చూస్తే పది. కార్యక్రమం పట్టికలో పదికి పందెం అని ఉంది. లేచి విజిల్ ఊదాను. తట్టతో డ్రిల్లు మాస్టారు వంటపాక మూల తిరిగేసరికి బుల్లి చెక్క మీద నాలుగో అడుగు గాల్లో వేసింది.

ఎడమ మోచేతి కింద వాచిపోయింది. గజపతినగరంలో ఎముకల డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్లాం. దారిపొడుగునా ఆ పిల్ల ఒక్కసారి అమ్మా అనలేదు. పళ్లు బిగించుకుని నా చెంగు పట్టుకుని ఒకే మాట, "మేడం, మా నాన్నకి సెప్పకండి. సెప్తే నన్ను తీసుకెళ్లిపోతాడు. ఇంక నన్ను టెన్తుకి కూడా ఊరు దాటనివ్వరు. నొప్పి ఏటీ నేదు, సూడండి" అని ఆ చెయ్యే ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. అయినా గంటలోపు తల్లిదండ్రులకి చెప్పాలన్నది నియమం, చెప్పడమే సరి. బుల్లిని ఎక్స్‌రే గదిలోకి పంపి, వసారాలో నిలబడి, అట్ట తీసి ఎదురుగా పెట్టుకుని ఫోను చేశాను. తండ్రి ఫోను ఇంట్లో వదిలి షెడ్డుకి వెళ్లాడట, తల్లి ఎత్తింది.

"అమ్మా, శిబిరం నుంచి మాట్లాడుతున్నాను. మీరు కూర్చుని ఉన్నారా?" (అట్ట మీద మొదటి మాట అదే.)

"నేదమ్మా, బట్టలారేస్తన్నాను. ఏటి?"

"ముందు కూర్చోండి. మీ పక్కన ఎవరైనా ఉన్నారా?" (అది రెండోది.)

అవతల తడిబట్టల చప్పుడు ఆగిపోయింది. "ఉన్నారు... ఎంచేతమ్మా?"

"కంగారు పడకండి. మీ అమ్మాయి విషయంలో ఒక సంఘటన జరిగింది. డాక్టరు గారు చూస్తున్నారు. ప్రస్తుతం పరిస్థితి నిలకడగా ఉంది. మిగతా వివరాలు ధ్రువీకరించుకున్నాక చెబుతాను." చెయ్యి విరిగిందని ఎందుకు చెప్పలేదంటే, ఎక్స్‌రే ఇంకా రాలేదు. ధ్రువీకరించని సంగతి చెప్పకూడదు. ఇదంతా విశాఖపట్నం మేడం మెచ్చుకున్న ఆ గొంతుతోనే, ఎక్కడా వణుకు లేకుండా, మెత్తగా, నిదానంగా చెప్పాను. ఫోను ఎవరో అందుకున్నారు.

"అమ్మా, నేను గుంటకి మేనమావని. ఆవిడ లోపలికెల్లిపోనాది. ఇప్పుడు నాకు నిజం సెప్పేయండి. నేను తట్టుకోగలను."

"నిజమే చెప్పానండి. బాగానే ఉంది. పెద్దవాళ్లు ఎవరైనా ఒకసారి వస్తే మంచిది."

"అర్థమైనాది తల్లీ. బయల్దేరతన్నాం" అన్నాడు. ఎంత సౌమ్యుడు, ఎంత బాగా సహకరించాడు అనుకుంటూ 'తల్లిదండ్రులకి తెలియజేసిన సమయం' గడిలో టైము వేశాను.

మా వైపు చావు కబురు ఎవరూ చావు కబురులా చెప్పరు. మా తాత పోయినప్పుడు మా నాన్నకి వచ్చిన కబురు ఇంతే, 'ఆయనకి కాస్త నలతగా ఉంది, కంగారేం లేదు, ఒకసారి వచ్చి వెళ్లండి' అని. నాన్న ఒక్క ప్రశ్న అడగలేదు, పంచెలు సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. పదేళ్ల పిల్లగా నేనూ ఆ బస్సులో ఉన్నాను, దారి పొడుగునా ఆయన ముఖం చూస్తూనే ఉన్నాను. కూర్చోమనడం, పక్కన ఎవరున్నారని అడగడం, వివరాలు తర్వాత చెబుతాననడం, బాగానే ఉందంటూనే రమ్మనడం, ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో పుట్టినప్పటినుంచీ చూస్తున్న దాన్ని. కానీ ఆ పొద్దున్న నాకు అట్ట తప్ప ఇంకేం గుర్తు రాలేదు.

వాళ్లు మళ్లీ ఫోను చేసి కనుక్కోలేదా అంటే, చేశారు. ఇరవై సార్లు చేశారట. అప్పుడు నేను ఎర్ర పెన్ను మాస్టారితో మాట్లాడుతున్నాను. జరిగింది మొత్తం, ఇసుక సంగతితో సహా, చెప్పాను. ఆయన చాలాసేపు నిట్టూర్చి, "అనుకోని విధంగా కాలు జారింది అని రాయి. ఇసుక మాట ఎక్కడా రానివ్వకు. జాగ్రత్తల కాగితంలో టిక్కు ఉందన్నావు కదా, అదే మనకి రక్ష" అన్నారు. తర్వాత 'అనుకోని విధంగా' మంచిదా, 'అనుకోకుండా' మంచిదా అని కొంతసేపు చర్చించుకున్నాం. అది తేలేలోపు నా ఫోన్లో ఛార్జింగు అయిపోయింది. అలా సాలూరులో వాళ్లకి ముందు అరగంట ఫోను ఖాళీ లేదని, ఆ తర్వాత స్విచాఫ్ అని వినపడింది. ఇంకేం ధ్రువీకరించుకోవాలి?

ఎక్స్‌రేలో ఎముకకి సన్నటి పగులు కనపడింది. ఆరు వారాల్లో అతుక్కుంటుందని డాక్టరు కట్టు వేసి పంపించేశాడు. మధ్యాహ్నం అయ్యేసరికి బుల్లి బడి వసారాలో రాణిలా కూర్చుని, కుడిచేత్తో పప్పన్నం తింటూ, తెల్లటి కట్టు మీద పేర్లు రాయడానికి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఉంది. సరిగ్గా అప్పుడు గేటు ముందు లారీ ఒకటి దుమ్ము రేపుతూ ఆగింది. వెనకాల లోడు ఉండాల్సిన చోట మనుషులున్నారు. ముసలీ ముతకా, పెద్దమ్మలు, పిన్నమ్మలు, చంటిపిల్లల తల్లులు, తలలకి తువ్వాళ్లు చుట్టుకున్న మగవాళ్లు, అందరూ నిలబడి ఉన్నారు, ఆడవాళ్లందరూ ఏడుస్తున్నారు. తలుపు దించగానే ముందుగా బుల్లి మామ్మ దిగింది, అంటే వాళ్ల నాన్న తల్లి. దిగుతూనే గుండెలు బాదుకుంటూ రాగం అందుకుంది.

"ఓయమ్మా, నా తల్లోయ్, జంతికలు కావాలని అడిగినావే, పొయ్యి ఎలిగించనేకపోనానే, ఎల్లొద్దంటే ఎల్లినావే, నన్నొగ్గేసి ఎల్లిపోనావే..." వెనకాల మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. మేనమావ వాళ్ల వెనక బంతిపూల దండ ఒకటి తువ్వాలులో చుట్టి పట్టుకుని తలవంచుకుని వస్తున్నాడు. నేను ఫైలు గుండెకి హత్తుకుని అరుగు మీద కొయ్యలా నిలబడిపోయాను. నా అట్ట మీద దీనికి మాట లేదు.

బుల్లి కంచం పక్కన పెట్టి లేచి, వసారా చివరిదాకా వచ్చి, మూతికి పప్పు అంటుకుని ఉండగా భయం భయంగా అడిగింది. "మామ్మా, ఎవులు పోనారు?"

మామ్మ రాగం మధ్యలో తెగింది. అందరూ ఒక్కసారి ఆగిపోయారు. ముసలమ్మ కళ్లు తుడుచుకుని, చూసి, మళ్లీ తుడుచుకుని చూసి, గబగబా మెట్లెక్కి బుల్లి ముఖం రెండు చేతులతో తడిమి, ఆ తడిమిన చేత్తోనే వీపు మీద ఒకటి వేసింది. "ఒసే గుంటా, ఏటీ అవ్వకపోతే మమ్మల్నిలగ ఏడిపిస్తావేటే?" అని దాన్ని పట్టుకుని మళ్లీ ఏడ్చింది, ఈసారి రాగం లేకుండా. తల్లి వచ్చి ఆ కట్టు చేతిని పట్టుకుని కూర్చుంది, ఇంక వదల్లేదు. మేనమావ దండని వెనక దాచుకోవడానికి అవస్థ పడుతుంటే డ్రిల్లు మాస్టారు మెల్లగా అందుకుని, లోపల గదిలో ఉన్న సరస్వతీదేవి పటానికి వేసి వచ్చారు. అప్పటికే పిల్లలు పగలబడి నవ్వుతున్నారు, నాకూ నవ్వు ముంచుకొస్తోంది.

ఆ నవ్వు లారీ వైపు చూడగానే ఆగిపోయింది. బుల్లి వాళ్ల నాన్న ఇంకా దిగలేదు. డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. కూతుర్ని చూశాడు, చూస్తూనే ఉన్నాడు, కానీ స్టీరింగు మీంచి చేతులు తీయలేకపోతున్నాడు. సాలూరు నుంచి అక్కడిదాకా, వెనకాల ఆ ఏడుపులు వింటూ, బిడ్డ శవాన్ని తెచ్చుకోవడానికి వెళ్తున్నాననుకుంటూ తనే నడుపుకుని వచ్చాడు. నేను చేసిన పని ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లయినా ఆ చేతులు తలుచుకుంటే నాకు సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోతుంది.

కాసేపటికి దిగాడు. కూతురి తల మీద చెయ్యి వేసి, కట్టు చూసి, "బట్టలు సర్దు బుల్లీ" అన్నాడు. ఆ వెంటనే పిన్నమ్మల్లో ఇద్దరు మిగతా నలుగురు ఆడపిల్లల్ని కూడా సర్దుకోమన్నారు. మేనమావకి ధైర్యం వచ్చింది, "నేను ముందే సెప్పినాను బావా, ఆడగుంటల్ని ఊళ్లమీదికి పంపకని" అన్నాడు. బుల్లి కదల్లేదు. ఏడవలేదు కూడా. నా వైపు చూస్తూ నిలబడింది.

"ఎలగ పడింది?" అని అడిగాడు తండ్రి నన్ను.

"నివేదిక తయారు చేశానండి" అన్నాను.

"అయితే సదవండి."

చదివాను. ఫలానా సమయానికి, ఫలానా ఆట ఆడుతుండగా, అన్ని జాగ్రత్తలూ తీసుకున్నప్పటికీ, అనుకోని విధంగా కాలు జారి. ఆయన వింటూనే నడుచుకుంటూ చెక్క దగ్గరికి వెళ్లాడు. లారీలవాడు కదా, ప్రమాదం జరిగిందంటే ముందు ఆ చోటు చూడాలి. చెక్క కదిపి చూశాడు. చెప్పు విడిచి కాలితో నేల నొక్కాడు. ఎండకి సిమెంటులా ఉంది. "కింద ఏటీ ఎయ్యరా?" అన్నాడు.

నా చేతిలో రెండో కాగితం ఉంది. 'కింద ఇసుక పరిచారా' ఎదురుగా చక్కటి టిక్కు ఉంది. చూపిస్తే సరిపోతుంది, పరిచాం, తర్వాత తీసేశాం అంటే నమ్ముతాడేమో కూడా. డ్రిల్లు మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. నేను నోరు తెరిచేలోపే బుల్లి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, నేనే తుళ్లినాను. మేడం వద్దంటన్నా నేనే ఎగిరినాను. తప్పు నాదే. మేడంది ఏటీ నేదు. నన్ను ఉండనీ నాన్నా."

పధ్నాలుగేళ్ల పిల్ల, చెయ్యి విరిగిన పిల్ల, నన్ను కాపాడటానికి అబద్ధం ఆడుతోంది. నేను గనక కాగితం మడిచి ఫైల్లో పెట్టేసి ఊరుకుంటే ఆ అబద్ధం నిలబడిపోతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది, ఆ పిల్ల మాత్రం జీవితాంతం తుళ్లి చెయ్యి విరగ్గొట్టుకున్న గుంట అయిపోతుంది.

"కాదండి" అన్నాను. "తను తుళ్లలేదు. నేను చెప్పినట్టే నడిచింది. కింద ఇసుక పోయించాలి. నేను పోయించలేదు. పోయించకుండానే పోశామని ఇదిగో ఇక్కడ టిక్కు పెట్టి విజిల్ ఊదాను. తప్పు నాది." ఈ మాటలు నేను ఆ గొంతుతో చెప్పలేదు. సగంలోనే గొంతు జీరపోయి, ముక్కు చీదుకుంటూ, వెక్కుతూ చెప్పాను. విశాఖపట్నం మేడం వినుంటే నా సర్టిఫికెట్టు వెనక్కి తీసుకునేవారు.

మేనమావ "సూసినావా" అనబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. నా వైపు తిరిగాడు.

"నేను ముప్పై ఏళ్లుగా లారీల మీద ఉన్నాను" అన్నాడు. "బండి తిరగబడితే ప్రతోడూ బ్రేకులు ఫెయిలైపోనాయనే సెప్తాడు. కునుకు పట్టేసినాది, తప్పు నాదే అని సెప్పినోడు ఇంతవరకూ ఒక్కడు కనపడ్నేదు. కనపడితే ఆడికి కొత్త బండి తాళం ఇచ్చీసి పడుకుందును." నా చేతిలో కాగితం చూపించి, "ముందు ఆ టిక్కు కొట్టీయండి" అన్నాడు.

కొట్టేశాను. పక్కన 'ఇసుక పోయించలేదు. తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితం తీసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివి తిరిగి ఇచ్చాడు.

"గుంట ఉంటాది. మా అమ్మ కూడా ఉంటాది" అన్నాడు. మామ్మ ఉలిక్కిపడి, "నేనెందుకురా?" అంటే, "ఇసక సూసుకోడానికి" అన్నాడు. లారీ వైపు వెళ్తూ వెనక్కి తిరిగి నాతో, "ఇంకోపాలి ఫోన్ సేస్తే, సెయ్యి ఇరిగితే సెయ్యి ఇరిగినాదనే సెప్పండమ్మా. అదేటి సంఘటన, నిలకడ. నా పేనాలు ఎల్లిపోనాయి" అన్నాడు. అప్పుడు నవ్వాడు. మిగతా నలుగురు పిల్లలూ సర్దిన బట్టలు మళ్లీ విప్పుకున్నారు. వచ్చిన చుట్టాలందరికీ మా వంటమనిషి మళ్లీ ఎసరు పెట్టింది. భోజనాలు చేసి, ఒక కునుకు తీసి, వెళ్లేటప్పుడు ఆడవాళ్లు లారీలో పాటలు పాడుకుంటూ వెళ్లారు.

మిగిలిన మూడు రోజులూ మామ్మ రాజ్యం నడిచింది. ప్రతి ఆటకి ముందు ఆవిడ వచ్చి నేల కాలితో నొక్కి, "ఇంకో రెండు తట్టలు పొయ్యండర్రా" అనేది. తాడు లాగే ఆటకీ ఇసుకే, పాటల పోటీకీ ఇసుకే. ముడులు వేయడంలో మాత్రం నాకే పాఠం చెప్పింది (గొడ్డుని కట్టే ముడి ముందు మా పుస్తకంలో ముడులు ఎందుకూ పనికిరాలేదు). ఆఖరి రోజున బుల్లి ఒంటి చేత్తో జెండా దించుతుంటే, ఆవిడ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. మరుసటి వేసవికి సాలూరు నుంచి ఆడపిల్లలు ఒక జీపు నిండా వచ్చారు, మామ్మ తోడు లేకుండానే.

నా కాగితం చూసి ఎర్ర పెన్ను మాస్టారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు హెచ్చరిక లేఖ ఇచ్చారు. అందులో నా నిర్లక్ష్యాన్ని ఒక పేరాలో తిట్టి, రెండో పేరాలో 'ధృవీకరించు'కి నేను వేసిన వట్రుసుడిని దిద్దారు. ఉద్యోగం మాత్రం ఉంది. ఆ తర్వాత పెరిగింది కూడా. ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను, శిక్షణలు నేనే ఇస్తున్నాను. తల్లిదండ్రులకి ఫోను చేసినప్పుడు మొదటి మాట 'పిల్ల బతికే ఉంది', రెండో మాట 'చెయ్యి విరిగింది' అని చెప్పాలని నేను చెబితే కొత్తగా చేరిన వాళ్లు నవ్వుతారు. ఎందుకు చెబుతున్నానో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు.

పోయిన నెలలో ఒక శిబిరంలో పిల్లవాడికి వేడిగంజి కాలి మీద ఒలికింది. పెద్ద ప్రమాదం కాదు. అక్కడి బాధ్యురాలు, నిరుడే చేరిన పిల్ల, నివేదిక పంపింది. 'గంజి వార్చేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచాలి. నేను ఫోను చూసుకుంటూ ఉండిపోయాను' అని రాసింది. నేను అలవాటుగా ఆ వాక్యం కొట్టేసి, 'పర్యవేక్షణలో స్వల్ప లోపం చోటుచేసుకున్నట్టు గుర్తించడమైనది' అని టైపు కొట్టాను. చెయ్యి ఎక్కడా తడబడలేదు. కొట్టాక చూసుకుంటే, ఇలాంటి వాక్యాలు ఈ కుర్చీలో కూర్చుని ఎన్ని రాశానో లెక్కలేదనిపించింది. ఒక్కదానిలోనూ 'నేను' లేదు. నీలం ఫైలు పట్టుకుని ముక్కు చీదుకుంటూ ఏడ్చిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఇవాళ నా దగ్గరికి ఇంటర్వ్యూకి వస్తే తీసుకుంటానా అని ఆలోచించాను. అట్ట చూసి మాట్లాడుతుంది, కోతి మీద రెండు పేజీలు రాస్తుంది, ఆఫీసు వద్దన్న మాట అందరి ముందూ చెప్పేస్తుంది. తీసుకోనేమో అనిపించి నవ్వొచ్చింది. నవ్వాక ఆ పిల్ల పంపిన నివేదిక మళ్లీ తెరిచి చదివాను.

ఇంతలో ఆ పిల్లే ఫోను చేసింది. "మేడం, రిపోర్టులో ఏటైనా మార్చాలా?"

"ఏమీ వద్దమ్మా. నువ్వు రాసిందే బాగుంది" అని, నా వాక్యం తీసేసి, ఆ పిల్లదే తిరిగి పెట్టి, కింద సంతకం పెట్టాను.